కషాయం మందేంటండీ

రాజమహేంద్రవరం మెయిన్ రోడ్డులో నాగేశ్వరప్రసాద్ గారి స్టీలు సామాన్ల కొట్టు తెలియనివాళ్ళు లేరు. పెళ్ళికి బిందె కావాలన్నా, పిల్లకి పాలగిన్నె కావాలన్నా అందరూ అక్కడికే వెళ్తారు. కానీ ఆ కొట్టు వెనకగదిలో ఇడ్లీ పాత్రల వరసని పక్కకి జరిపితే ఒక ఇనపతలుపు ఉందని, దాని వెనక ఢిల్లీతో నేరుగా మాట్లాడే సెక్యూర్ లైన్ ఉందని తెలిసినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటంతమందే. అందులో వీరబాబు ఒకడు. బంగారంలాంటి కుర్రాడు. నవ్వితే సొట్టలు పడేవి. కార్తీకమాసం మొదలైన వారంలోనే గోదావరిలో శవమై తేలాడు. కాలు జారి పడ్డాడని పేపర్లో రాశారు. ఈదరాని మనిషైతే నమ్మొచ్చు గానీ, వీరబాబు రేవులో పుట్టి రేవులో పెరిగినవాడు.

మర్నాడు ఉదయం ఆ ఇనపతలుపు వెనక ముగ్గురు కూర్చున్నారు. ఏజెంట్ పల్లంరాజు, అతని భార్య ఏజెంట్ సత్యవాణి, వాళ్ళకి ఎదురుగా సత్యవాణి అంతకుముందెన్నడూ చూడని ఒక మనిషి. పేరు కన్యక. ఆవాలరంగు పట్టుచీర, నల్లకళ్ళజోడు, గదంతా కమ్ముకున్న సెంటు. ఎర్ర బుల్లెట్ బండి మీద వచ్చిందట. పట్టుచీర కట్టుకుని బుల్లెట్ ఎలా నడుపుతారో సత్యవాణికి అర్థం కాలేదు. పల్లంరాజుకి అర్థమైనట్టుంది, తెగ తలూపుతున్నాడు.

నాగేశ్వరప్రసాద్ గారు బ్రీఫింగ్ మొదలుపెట్టారు. గోదావరి గట్టున ఫీవర్ రీసెర్చ్ సెంటర్ ఉంది. వానాకాలం వెళ్ళాక వచ్చే జ్వరాల మీద డాక్టర్ సాయిప్రసన్న గారు అక్కడ పెద్ద ట్రయల్ చేస్తున్నారు. జ్వరాన్ని వెంటనే దించేస్తే మంచిదా, ఒంటిని కాస్త కాగనిస్తే మంచిదా, దించే మాత్ర లోపల ఏం చేస్తుంది, అదీ తేలాల్సిన సంగతి. వార్డులో సగంమందికి మన ఇళ్ళల్లో గూట్లో ఉండే చవక జ్వరంమాత్ర ఇస్తారు. మిగతా సగానికి చూడ్డానికి అచ్చం అలాగే ఉండే ఉత్తి పిండిమాత్ర. ఎవరికి ఏది వెళ్తోందో డాక్టరుగారికి కూడా తెలియదు. తెలిస్తే పరిశోధన కాదట.

"వీరబాబు ల్యాబులో మన మనిషి," అన్నారు చీఫ్. "ఆఖరి మెసేజ్ ఇది. జ్వరం రెండు గుంపులకీ ఒక్కలాగే దిగుతోంది. లివర్లు మాత్రం ఒక గుంపుకే పాడవుతున్నాయి. ఇలా జరగడానికి వీల్లేదు అన్నాడు. అంతే, మర్నాడు మనిషి లేడు."

"ఎవరి పని?" అన్నాడు పల్లంరాజు.

"సముద్రం అవతలి ముఠా. కొత్త జ్వరంమాత్ర కనిపెట్టి, వంద రెట్లు ధర పెట్టి సిద్ధంగా కూర్చున్నారు. పాత మాత్రకి చెడ్డపేరొస్తే ఇంటింటికీ వాళ్ళ మాత్రే. ఇక్కడ వాళ్ళ మనిషి కోడ్‌నేమ్ పాదరసం. మొహం ఎవరూ చూడలేదు."

"నేనూ చూడలేదండి," అంది కన్యక. ఆమె డబుల్ ఏజెంట్. ముఠా ఆమెని తమ మనిషనుకుంటోంది, నిజానికి ఆమె చీఫ్ మనిషి. ట్రయల్ కోఆర్డినేటర్‌గా అప్పటికే సెంటర్లో చేరిపోయింది. పాదరసం ఏదో ఒకరోజు తనంతట తానే బయటపడతాడని ఎదురుచూస్తోంది.

పనులు పంచారు. పల్లంరాజు జ్వరం వచ్చినవాడిలా వార్డులో చేరాలి. ఒంటి వేడి చూపించడానికి చంకలో అంటించుకునే హీట్ ప్యాచ్ ఇచ్చారు. అతని కోడ్‌నేమ్ చుక్కాని. కన్యక కోడ్‌నేమ్ తెరచాప. సత్యవాణికి నాలుగు గిన్నెల స్టీలు క్యారియర్ ఇచ్చారు. అడుగు గిన్నెకి రెండో అడుగు ఉంది, అందులో ట్రాన్స్‌మిటర్. రోగి పెళ్ళాంగా రోజూ పత్యం తీసుకెళ్ళి, వార్డు మాటలన్నీ కొట్టుకి వినిపించాలి. ఆమె కోడ్‌నేమ్ లంగరు. ప్రమాదం వస్తే ఎవరైనా సరే "పత్యం మారింది" అనాలి. ఆ మాట వినగానే చేతిలో పని చేతిలో వదిలేయాలి.

చుక్కానీ తెరచాపా కలిసి పడవని ఊరేగిస్తాయి. లంగరు పోయి బురదలో కూర్చుంటుంది. మత్స్యకారుల ఇంట పుట్టిన సత్యవాణికి ఈ సంగతి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. సర్వీసులో ఆమె భర్తకంటే సీనియర్. యానాం పాయలో దొంగసరుకు పడవని ఒంటిచేత్తో పట్టుకుంది. అలాంటిది తనకి క్యారియరూ, తన బావకి మంచమూ, ఆ మంచం పక్కన ఈ పట్టుచీరా.

వార్డులో మొదటిరోజు నుంచే ఆమె ఒళ్ళు మండిపోవడం మొదలైంది. నుదుటికి తాకకుండానే జ్వరం చెప్పే గన్ను ఉంది కదా, మరి ఆ కన్యక చెయ్యి ఎందుకు వెయ్యాలి? వేసింది సరే, తియ్యడానికి అంతసేపెందుకు? బావ మొహం చూస్తే నకిలీ జ్వరంలాగే లేదు, నిజంగానే కాగిపోతున్నాడు. సత్యవాణి పెట్టిన చారన్నం రెండు ముద్దలకే చాలన్నవాడు, ఆవిడ తెచ్చిన బత్తాయిరసం గ్లాసుడూ తాగాడు. పెళ్ళైన కొత్తల్లో ఒకసారి నిజం జ్వరం వచ్చినప్పుడు, సత్యవాణి పక్కన లేకపోతే మంచినీళ్ళు కూడా ముట్టనని మొండికేసిన మనిషి ఇతనేనా అని ఆమెకి ఆశ్చర్యం.

ఆ సాయంత్రం క్యారియర్ అడుగుకి మూతి దగ్గరపెట్టి రిపోర్ట్ చేసింది. కన్యక గాజులు వాచీ పక్కనే వేసుకుంటోంది, అది సిగ్నల్ కావచ్చు అని. మర్నాడు కన్యక జడలో కనకాంబరాలు ఎడమవైపు తిరిగి ఉన్నాయని. ఆ మర్నాడు పల్లంరాజు దిండు మార్చడానికి కన్యక నాలుగుసార్లు వచ్చిందని. చీఫ్ ఓపికస్తులు, అన్నీ విన్నారు. చివరికి, "అమ్మా సత్యవాణీ, ఈ లైను ఢిల్లీవాళ్ళు కూడా వింటారమ్మా," అన్నారు.

ఆమె మాట ఓపిగ్గా వినే మనిషి వార్డులో ఒక్కడే ఉన్నాడు. భానుతేజ. ట్రయల్‌కి డబ్బిచ్చే కంపెనీ తరఫున సింగపూర్ నుంచి వచ్చిన మానిటర్. సన్నగా, తెల్లగా, ఎప్పుడూ నవ్వుతూ ఉంటాడు. మా పూర్వీకులది పాలకొల్లే అక్కగారూ అని మొదటిరోజే వరస కలిపేశాడు. సాయంత్రం దీపాలు పెట్టేవేళకి రోగులందరికీ నేలవేము కషాయం కాయించి పంచే ఏర్పాటు అతనిదే. మా నాయనమ్మ పద్ధతి అంటూ పెద్ద గంగాళంలో మరిగించి, పైన చిన్న బెల్లంముక్క పెట్టి ఇప్పించేవాడు. మొదటి గ్లాసు అందరి ముందూ తనే గటగటా తాగేవాడు. డాక్టర్ సాయిప్రసన్న గారూ ఒక గ్లాసు పుచ్చుకునేవారు. ట్రేలో పెట్టి మంచమంచానికీ అందించేది కన్యక.

సత్యవాణి వంటంటే భానుతేజకి ప్రాణం. క్యారియర్లో ఏం మిగిలినా అక్కడే కూర్చుని ఊడ్చిపెట్టేవాడు. మాటల మధ్యలో గొంతు తగ్గించి, ఆ కోఆర్డినేటర్‌గారి మీద ఓ కన్నేసి ఉంచండి అక్కగారూ, బావగారు అమాయకులు అనేవాడు. సత్యవాణికి ఆ మాట చల్లగా తగిలేది. తనకి అనిపించింది ఇంకొకరి నోట వింటే వచ్చే హాయి మరి దేనిలోనూ లేదు.

ఇలా ఉండగా, చెప్పుకుంటే నవ్వొస్తుంది, సత్యవాణికి నిజంగానే జ్వరం వచ్చింది. శనివారం ఒళ్ళు నొప్పులు, ఆదివారానికి నిలువునా కాలిపోతోంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే చీఫ్ ఇంటికి పంపేస్తారు, బావని తెరచాపకి అప్పగించి వెళ్ళినట్టవుతుంది. మాత్ర కూడా వేసుకోలేదు. మాత్ర మింగితే జ్వరం ఉన్నట్టు తనకి తాను ఒప్పుకున్నట్టే. కొంగు నెత్తిమీదకి లాక్కుని, పళ్ళు బిగబట్టి క్యారియర్ మోసుకొచ్చింది.

ఆదివారం సాయంత్రం కన్యక ట్రేతో వచ్చింది. పల్లంరాజు గ్లాసు అందుకుని, "మీ చేత్తో ఇస్తే చేదు కూడా తెలియట్లేదండీ," అన్నాడు.

పాత్రలో ఉన్నాడు కాబట్టి అన్నాడని తర్వాత వెయ్యిసార్లు చెప్పుకున్నాడు పాపం. కానీ ఆ క్షణంలో సత్యవాణి లేచి, అతని చేతిలోంచి గ్లాసు లాక్కుని, ఏది చూద్దాం ఎంత తియ్యగా ఉందో అని కన్యక మొహంలోకి చూస్తూ మొత్తం తాగేసింది. బెల్లంముక్క పల్లంరాజు చేతిలో మిగిలిపోయింది.

కాసేపటికి మెడ కింద చెమట పట్టింది. తర్వాత వీపంతా. రవిక తడిసి ముద్దైంది. తల మీద బండ దించినట్టు నొప్పి పోయింది. గూట్లో ఉన్న గన్ను తీసి రహస్యంగా నుదుటికి పెట్టుకుంది. నూటమూడు ఉండాల్సిన చోట తొంభైతొమ్మిది. సత్యవాణి బెంచీ మీద కూర్చుండిపోయింది. నేలవేము ఆమె చిన్నప్పటినుంచీ తాగుతూనే ఉంది. రెండు మూడు రోజులు వరసగా పోస్తే నెమ్మదిగా పనిచేస్తుందనుకుంటాం గానీ, గంటలోపల ఇలా చెమటలు పోయించి జ్వరం దించిన నేలవేము పుట్టలేదు. ఇది మాత్ర పని. ఆమె మాత్ర వేసుకోలేదు. అంటే మాత్ర గ్లాసులో ఉంది. చేదులో చేదు కలిపేస్తే ఎవరికి తెలుస్తుంది?

అప్పుడు వీరబాబు మాట ముడి విడింది. కషాయం అందరికీ పోస్తున్నారు. పిండిమాత్ర తిన్నవాడికి కషాయంలోని మందుతో జ్వరం దిగుతోంది. అసలు మాత్ర తిన్నవాడికి దాని మీద ఇదీ పడి మోతాదు మించి, లివర్ పాడవుతోంది. పైకి చూసేవాళ్ళకి మాత్ర వల్ల లాభం లేదు, నష్టమే ఉందనిపిస్తుంది. ఇంకేం మందులు వాడుతున్నారని డాక్టరుగారు రోజూ అడుగుతూనే ఉన్నారు. ఏమీ లేదండీ అని రోగులు చెబుతూనే ఉన్నారు. కషాయం మందని ఎవరికి తోస్తుంది? పక్కన నిలబడి తనూ తాగుతున్న డాక్టరుగారికే తోచలేదు.

క్యారియర్ దగ్గర పెట్టుకుని గబగబా చెప్పింది. ట్రే ఎవరి చేతిలో ఉందో కూడా చెప్పింది. అక్కడే దెబ్బతింది.

"కన్యక గాజులయ్యాయి, పూలయ్యాయి, ఇప్పుడు కషాయం," అన్నారు చీఫ్ నీరసంగా. "ఆవిడ చేత్తో ఏమిచ్చినా నీకు విషంలాగే ఉంటుందమ్మా. శాంపిల్ పంపు. ల్యాబు రిపోర్టు మంగళవారం వస్తుంది. జ్వరమని చెప్పకుండా డ్యూటీకొచ్చావు కాబట్టి రేపు ఇంట్లో పడుకో. ఇది ఆర్డర్."

సోమవారం ట్రయల్‌కి ఆఖరిరోజు. మర్నాడు అందరికీ రక్తం తీసి ఇళ్ళకి పంపేస్తారు. సత్యవాణి ఆర్డర్‌ని పక్కనపెట్టి వంట మొదలుపెట్టింది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ రోజు ఆమెని నడిపించింది దేశభక్తి ఒక్కటే కాదు. కన్యకని అందరి ముందూ గ్లాసుతో సహా పట్టుకోవాలి, బావ కళ్ళారా చూడాలి. యానాం నుంచి తమ్ముడు అమ్మిరాజు చీరమేను పంపాడు. ఆవగింజంత చేపపిల్లలు, ఏడాదిలో ఈ కాస్త రోజులే దొరుకుతాయి. చింతకాయ వేసి వండి, బావకి పత్యం, తనకి చీరమేను పెట్టుకుని మధ్యాహ్నానికి సెంటర్ చేరింది.

భానుతేజ వాసన పట్టి వచ్చాడు. గిన్నె ముందు కూర్చుని, అన్నంలో కలుపుకుని, వేళ్ళు నాకుతూ ఒక్క చేప మిగల్చకుండా తిన్నాడు. ఇవాళ ఆఖరిరోజు కదా అక్కగారూ, కషాయం చిక్కగా కాయిస్తున్నాను అన్నాడు. ట్రే పట్టుకున్న చేతుల్ని మాత్రం జాగ్రత్తగా చూసుకోమన్నాడు.

సాయంత్రమైంది. కిటికీ అవతల గోదావరి ఎర్రబడింది. రేవులో కార్తీకదీపాలు ఒకటీ ఒకటీ వెలుగుతున్నాయి. గంగాళం వార్డులోకి వచ్చింది. కషాయం నల్లగా, ఎప్పుడూ లేనంత చిక్కగా ఉంది. కన్యక అందరికీ గ్లాసులు పంచింది. ట్రయల్ ముగిసింది కాబట్టి ఇవాళ అందరం ఒకేసారి తాగాలని భానుతేజ ముచ్చటపడ్డాడు. డాక్టరుగారు గ్లాసు అందుకున్నారు. పల్లంరాజు అందుకున్నాడు. సత్యవాణి కళ్ళార్పకుండా కన్యక చేతుల్నే చూస్తోంది.

కన్యక ట్రేలో మిగిలిన గ్లాసు తీసి భానుతేజకి ఇవ్వబోయింది. అతను రెండు చేతులూ జోడించి వెనక్కి తగ్గాడు.

"ఇవాళ కార్తీక సోమవారం కదండీ. ఉపవాసం. చుక్క కనిపించేదాకా పచ్చి మంచినీళ్ళయినా ముట్టను."

వార్డులో వాళ్ళంతా భక్తిగా తలూపారు. కార్తీక సోమవారం ఉపవాసమంటే ఈ ఊళ్ళో ఎవరూ బలవంతం చెయ్యరు. ఆ సంగతి తెలుసుకునే వచ్చాడు. అయితే నేనే తాగుతానులెండి అని కన్యక ఆ గ్లాసు తన నోటి దగ్గరికి తీసుకుంది.

సత్యవాణి బుర్ర ఒక్కసారి తిరగబడింది. వారంరోజులుగా విషమిస్తోందనుకున్న మనిషి తనే తాగబోతోంది. వారంరోజులుగా తను కొసరి కొసరి వడ్డించిన మనిషి తాగనంటున్నాడు. మధ్యాహ్నం చీరమేను గిన్నె ఖాళీ చేసిన నోటికి సాయంత్రం ఉపవాసం ఎక్కడినుంచి వచ్చింది?

"పత్యం మారింది," అంది.

పల్లంరాజు గ్లాసు పెదవుల దగ్గర ఆగింది. కానీ దిగలేదు. అతను ఆమె వైపు చూశాడు, తర్వాత కన్యక వైపు చూశాడు. ఇది కోడా, ఇంటి గొడవా అని అతని కళ్ళల్లో స్పష్టంగా కనిపించింది. ఆ చూపు సత్యవాణి జన్మలో మర్చిపోదు.

కన్యక ఆలోచించలేదు. తన గ్లాసు నేలకేసి కొట్టి, రెండోచేత్తో పల్లంరాజు గ్లాసుని ఎగరగొట్టింది. "ఎవరూ తాగకండి. గంగాళం ముట్టుకోకండి," అని అరిచింది. తాగమంటే మొహాలు ముడుచుకునే రోగులు తాగొద్దనేసరికి గ్లాసులు ఎక్కడివక్కడ పెట్టేసి పండగ చేసుకున్నారు. డాక్టరుగారు నాలిక మీద పడిన చుక్కని కొంగుతో తుడుచుకుంటూ, ఏంటిది, ఏం జరుగుతోంది అంటున్నారు.

భానుతేజ అప్పటికే వరండా దాటాడు. రేవులో మోటారుబోటు ఇంజను మోగుతోంది. పల్లంరాజు లేచాడు గానీ, వారంరోజులు మంచం మీద బత్తాయిరసం తాగిన కాళ్ళు, లుంగీ తగులుకుని పడ్డాడు. సత్యవాణి గుమ్మం దాకా వెళ్ళి నిలబడింది. వల విసిరే చేతులు ఆమెవి. క్యారియర్ పట్టుకుని ఒక్క చుట్టు తిప్పి వదిలింది. నాలుగు గిన్నెలూ ట్రాన్స్‌మిటర్‌తో సహా పోయి, మెట్ల మీద దిగుతున్న భానుతేజ నెత్తిన పడ్డాయి. కొట్టులో హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న నాగేశ్వరప్రసాద్ గారికి మూడురోజులదాకా ఎడమచెవి వినపడలేదు.

భానుతేజ జేబులో బెల్లంముక్కలతోపాటు చిన్న రేడియో దొరికింది. పిలుపు పేరు పాదరసం. వీరబాబుని నీళ్ళల్లోకి తోసింది తనేనని రెండోరోజుకి ఒప్పుకున్నాడు. ఆ సాయంత్రం గ్లాసుకో అట్ట మాత్రల పొడి పడిందని ల్యాబు తేల్చింది. తాగి ఉంటే తెల్లారేసరికి కాకపోయినా ఆ వారంలో వార్డులో సగంమంది లివర్లు చెడి చనిపోయేవారు, ఆపైన పేపర్లన్నీ చవకమాత్రని తిట్టేవి. డాక్టర్ సాయిప్రసన్న గారు పాత ఫలితాలన్నీ పక్కనపడేసి ట్రయల్ మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టారు. ఇప్పుడు రోగుల్ని మందులు ఏం వాడుతున్నారని అడగడం మానేశారు. పొద్దున లేచిందగ్గర్నుంచి నోట్లోకి ఏమేం వెళ్ళాయో చెప్పమంటున్నారు. అయినా రోజుకొకరు, కషాయం మందేంటండీ అంటూనే ఉన్నారట.

ఇక సత్యవాణికి ఆ రాత్రే జ్వరం తిరగబెట్టింది. అదే వార్డులో, అదే మంచం మీద పడుకోబెట్టారు. డాక్టరుగారు మోతాదు చూసి అసలు మాత్ర ఇచ్చారు. అది పద్ధతిగా పనిచేసింది. చీఫ్ స్వయంగా వచ్చి మెచ్చుకుని, కొత్త క్యారియర్ ఇచ్చి వెళ్ళారు.

పక్కన కన్యక కూర్చుంది. సత్యవాణి నుదుటి మీద చెయ్యి వేసింది. చెయ్యి చల్లగా ఉంది, తియ్యమనడానికి నోరు రాలేదు.

"మీరెలా నమ్మారండీ నన్ను?" అంది సత్యవాణి. "వారంరోజులు మీమీదే కదా చెప్పాను."

"అవునండి. ఆ లైను నాకూ కలిపారు, అన్నీ వినిపించేవి," అంది కన్యక. "నామీద అంత కోపం ఉన్న మనిషి నా గ్లాసు కూడా ఆపారంటే అది నిజమే అయ్యుంటుందనిపించింది."

సత్యవాణికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కట్టుకున్నవాడికి పట్టని నమ్మకం ఈవిడకి కలిగింది. దానికి కూడా కాస్త కుళ్ళొచ్చింది, ఎవరి మీదో ఆమెకే తెలియలేదు.

అప్పుడే పల్లంరాజు గుమ్మంలో కనిపించాడు. చేతిలో కొత్త క్యారియర్. తనే చారు కాచాడట. కన్యకని చూసి అలవాటుగా జుట్టు సవరించుకున్నాడు.

"కన్యకగారూ, మంచి నేలవేము ఏమైనా ఉందాండీ?" అంది సత్యవాణి.

"ఉందండి, నేనే కాయించాను. మీకా?"

"కాదు, మా బావకి. పెద్ద గ్లాసు."

"ఆయనకి జ్వరం లేదు కదండీ."

"రాకుండా," అంది సత్యవాణి, బెల్లం డబ్బా తన దిండు కింద పెట్టుకుంటూ.